గాలాపగోస్ చన్నీళ్లలో స్నార్కెలింగ్: ఐదుగురి ప్లాన్ డైరీ, కొలతలతో సహా

గాలాపగోస్ దీవుల్లో స్నార్కెలింగ్‌కి, అంటే మాస్కు పెట్టుకుని, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ల మీద తేలి కింద చూడ్డానికి, ఎందుకు వెళ్లాలనుకున్నామో ఆ కథంతా వదిలేస్తున్నా. ఇలాంటి ట్రిప్ వేసుకునేవాళ్లకు మా కొలతలు పనికొస్తాయని, మేం దండగ చేసిన డబ్బు, రోజులు వాళ్లకు మిగలాలని రాస్తున్నా.

వెళ్లింది ఐదుగురం. నేను, మా ఆవిడ, పాప (13 ఏళ్లు), డాలస్ నుంచి అక్క, బావగారు. మేం ఉండేది సియాటెల్ దగ్గర. స్కూలు సెలవులను బట్టి 2025 జూలై తప్ప వేరే నెల కుదరలేదు, మా కష్టాల్లో సగం ఆ నెల తెచ్చినవే.

లెక్కలన్నీ అమెరికా డాలర్లలో. ఈ దీవులు ఈక్వడార్‌వి, అక్కడ 2000 నుంచి డాలరే చెల్లుతుంది కాబట్టి మార్పిడి గొడవ లేదు. విమానం టికెట్లు, హోటళ్లు, తిండి ఈ లెక్కలో కలపలేదు.

దశ 1: నీళ్లు ఎంత చల్లన? (ఏప్రిల్, మే)

భూమధ్యరేఖ మీద ఉన్న దీవులు కదా, నీళ్లు గోరువెచ్చగా ఉంటాయిలే అనుకుని మొదటి లిస్టులో స్విమ్మింగ్ డ్రెస్సులు, మాస్కులు తప్ప ఏమీ రాసుకోలేదు. అది మా మొదటి తప్పు.

అక్కడ దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం చన్నీళ్లు మోసుకొస్తుంది. పడమటి నుంచి క్రామ్‌వెల్ ప్రవాహం సముద్రం లోపల్లోపలే వచ్చి ఇసబెలా, ఫెర్నాండినా దీవుల గట్లకు తగిలి పైకి ఎగదన్నుకొస్తుంది. ఏడాది మొదటి నెలల్లో మాత్రం ఉత్తరం నుంచి పనామా వైపు వెచ్చని నీరు దిగుతుంది. అందుకని జనవరి నుంచి మే దాకా నీళ్లు దాదాపు 23 నుంచి 27 డిగ్రీలు, జూన్ నుంచి నవంబర్ దాకా 18 నుంచి 22. ఇసబెలా పడమటి వైపు అంతకన్నా తక్కువ. మాకు దొరికింది జూలై.

నెల మార్చలేమా అని రెండు వారాలు కొట్టుకున్నాం. తర్వాత అర్థమైందేమిటంటే మేం చూడాలనుకున్నవన్నీ ఆ చలి మీద బతికేవే. అడుగు నుంచి పైకొచ్చే చన్నీళ్లతో పోషకాలు వస్తాయి, వాటితో నాచు, నాచుతో ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటివి), చిన్న చేపలతో పెంగ్విన్లు, సీ లయన్లు (సీల్ లాంటి సముద్ర జంతువులు). భూమధ్యరేఖకు ఉత్తరాన కూడా బతికే పెంగ్విన్ జాతి ప్రపంచంలో ఈ గాలాపగోస్ పెంగ్విన్ ఒక్కటే. ఎల్ నినో ఏడాదుల్లో నీళ్లు వేడెక్కితే సముద్రపు ఇగువానాలు తినే నాచు చచ్చిపోతుంది, అవి ఆకలికి చనిపోతాయి, బతికిన వాటికి ఒంటి పొడవే తగ్గిపోతుంది. 1982–83లో అయితే పెంగ్విన్లు కూడా చాలా వరకు పోయాయి. అది తెలిశాక వెచ్చని నీళ్ల కోసం వెతకడం మానేశాం. నీళ్లు ఎలా ఉన్నాయో అలాగే ఉండనిచ్చి, మేమే తయారవ్వాలి.

తయారవ్వడానికి మాకు దగ్గర్లో ఉన్నది లేక్ సమామిష్. ఒక తేలే థర్మామీటరు కొన్నాను, 14 డాలర్లు. మొత్తం ప్రాజెక్టులో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన కొనుగోలు ఇదే.

కొలిచే పద్ధతి:
1. నడుము లోతు దాకా వెళ్లి థర్మామీటరును 5 నిమిషాలు వదలాలి.
2. ఒడ్డున పాదాల లోతులో కొలవకూడదు. ఎండకు అక్కడ 2 డిగ్రీలు ఎక్కువ చూపించింది.
3. నీటి వేడితో పాటు నీళ్లలో ఉన్న నిమిషాలు, వణుకు మొదలైన నిమిషం, ఒడ్డున గాలి ఎలా ఉందో కూడా రాసుకోవాలి. ఈ చివరిది నేను రాసుకోలేదు. ఆ తప్పు జూలైలో బయటపడింది, కింద రాస్తాను.

మే 4: 13.5 డిగ్రీలు. ఒంటి మీద షార్ట్స్, టీషర్టు. 4 నిమిషాల్లో బయటికొచ్చేశాను, వేళ్లు మడతపడలేదు.
మే 18: 15.8 డిగ్రీలు, అవే బట్టలు. 7 నిమిషాలు.

ఇప్పటిదాకా: 14 డాలర్లు.

దశ 2: వెట్‌సూట్ (మే)

వెట్‌సూట్ లోపలికి నీళ్లు రాకుండా ఆపుతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆపదు. నియోప్రీన్ రబ్బరు నిండా సన్నని గాలి బుడగలుంటాయి, అవే చలిని అడ్డుకుంటాయి. లోపలికి కాసిని నీళ్లు చేరి ఒంటి వేడికి వెచ్చబడతాయి. సూటు ఒంటికి అతుక్కుని ఉంటేనే ఈ వెచ్చటి నీళ్లు లోపల నిలుస్తాయి. వదులుగా ఉంటే ప్రతి కదలికకీ అవి బయటికిపోయి చన్నీళ్లు వస్తాయి.

మొదట 3 మిల్లీమీటర్ల పొట్టి సూట్లు రెండు కొన్నాం, ఒక్కోటి 65. ఎత్తు, బరువు చూసి సైజు చెప్పే చార్టును నమ్మాను. నాకు భుజాల దగ్గర బిగుతు, నడుము వెనకాల మాత్రం గుప్పెడు పట్టేంత ఖాళీ. 16 డిగ్రీల నీళ్లలో వంగి ఈదగానే మెడ నుంచి నడుముకు చన్నీళ్ల ధార దిగేది. 11వ నిమిషంలో వణుకు. మా ఆవిడకు 9లోనే. 130 డాలర్లు పోయినట్టే, వాడిన సూట్లు వెనక్కి తీసుకోరు.

మార్చినవి:
1. ఎత్తు, బరువు కాకుండా ఛాతీ, నడుము, తుంటి, మెడ నుంచి తొడల మధ్య దాకా పొడవు, ఈ నాలుగూ దర్జీ టేపుతో కొలిచాం. నాకు ఛాతీ 102 సెంటీమీటర్లు, నడుము 94. ఆ రెంటికీ తేడా తక్కువ కాబట్టి వేరే బ్రాండ్ కట్ సరిపోయింది.
2. ఒళ్లంతా కప్పే 5 మిల్లీమీటర్ల సూట్లు. పెద్దవాళ్లకు నాలుగు, ఒక్కోటి 165. పాపకు 120.
3. తలకు నియోప్రీన్ టోపీలు, 28 చొప్పున ఐదు. టోపీ పెట్టుకున్నాక నాకు అదనంగా 12 నిమిషాలు దొరికాయి. సూటు మార్చినప్పుడు కూడా అంత తేడా రాలేదనిపించింది.
4. కాళ్లకు నియోప్రీన్ సాక్సులు, 24 చొప్పున ఐదు.

కొత్త సూటు మొదటిసారి తొడుక్కోవడానికి నాకు 14 నిమిషాలు పట్టింది, గోరు గుచ్చుకుని మోచేతి దగ్గర చిన్న చీలిక పడింది. పాదానికి పలచని ప్లాస్టిక్ కవరు తొడిగి కాలు దూర్చితే జారిపోతుంది, చేతులకూ అంతే. మూడోసారికి 5 నిమిషాలు. గోళ్లతో లాగకుండా వేళ్ల మెత్తని భాగంతో కొద్దికొద్దిగా పైకి జరుపుకోవాలి.

ఇంకో కొలత: సూటు పొడిగా 2.1 కిలోలు, తడిసి నీళ్లు కారిపోయాక 3.6. ఐదు తడి సూట్లంటే 18 కిలోలు. దీవి నుంచి దీవికి పడవ మారే రోజు ముందు సాయంత్రం నీళ్లలో దిగకూడదని అప్పుడే నోట్ చేసుకున్నాం.

గాలాపగోస్‌లో సూట్లు అద్దెకు దొరుకుతాయి. మీ ఒంటికి సరిపోయేది ఆ రోజు ఉంటుందా అన్నది వేరే సంగతి. ఐదుగురికీ ఐదు రకాల సైజులు, నేనైతే ఆ టెన్షన్ పెట్టుకోదలచుకోలేదు.

ఈ దశ ఖర్చు 1,170. ఇప్పటిదాకా: 1,184 డాలర్లు.

దశ 3: మాస్కు, మీసం, కళ్లజోడు (మే, జూన్)

మాస్కు పరీక్ష తేలిక. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కాస్త గాలి పీల్చి చేతులు వదిలేయాలి. 10 అంకెలు లెక్కపెట్టేదాకా పడిపోకపోతే అది మీ ముఖానికి సరిపోయినట్టు. నేను ఆరు చూస్తే రెండు నిలిచాయి. ముఖమంతా కప్పే మాస్కులు మేం తీసుకోలేదు. నీళ్లు లోపలికొస్తే నోట్లో గొట్టం వదిలేసినంత సులువుగా వాటిని పీకేయలేం.

బావగారి మాస్కులోకి మాత్రం ఏ మోడల్ అయినా నీళ్లు వచ్చేవి. కారణం మీసం. ముక్కు కింద సిలికాన్ అంచు చర్మానికి ఆనాల్సిన చోట వెంట్రుకలు ఆనుతున్నాయి. 5 నిమిషాలకోసారి ఆగి నీళ్లు వంపుకోవాల్సి వచ్చేది.

"మీసం తీసేయమంటే మాత్రం నేను రాను బావా," అన్నారు.

తీయక్కర్లేకుండానే పని జరిగింది. ముక్కు కిందనే 4 మిల్లీమీటర్ల పట్టీ మేర ట్రిమ్మర్‌తో గీశారు, మీసం ఆకారం మారలేదు. మిగతా దాని మీద పలచగా సిలికాన్ గ్రీజు రాశాం. వాజిలీన్ వాడలేదు, అది మాస్కు అంచును పాడుచేయొచ్చంటారు. నీళ్లు వంపుకోవడం 20 నిమిషాలకోసారికి తగ్గింది.

మసక పట్టడం ఇంకో బాధ. కొత్త అద్దం మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సన్నని పొర ఉంటుంది, దాని మీద ఏం రాసినా నిలవదు. తెల్లటి మామూలు టూత్‌పేస్టుతో లోపలి వైపు వేలితో 3 నిమిషాలు రుద్ది కడగాలి, అలా నాలుగుసార్లు. తర్వాత ప్రతి దిగడానికీ ముందు పిల్లల షాంపూ ఒక చుక్క రాసి, నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే చాలు. ఎక్కువ కడిగితే షాంపూ పోతుంది, తక్కువ కడిగితే కళ్లు మండుతాయి. పాపకు రెండూ అయ్యాయి.

నాకు ఎడమ కన్ను మైనస్ 3.5, కుడి మైనస్ 4.25. మాస్కుకు అమర్చే పవర్ అద్దాలు అర చొప్పునే దొరుకుతాయి కాబట్టి 3.5, 4.0 తీసుకున్నాను. నీళ్లలో వస్తువులు ఎలాగూ దగ్గరగా, పెద్దవిగా కనిపిస్తాయి, ఆ పావు తేడా తెలియలేదు. మా ఆవిడకూ అద్దాలు వేయించాం.

ఫిన్స్ (ఈదడానికి పాదాలకు తొడిగే రెక్కలు) దగ్గర ఒక పొరపాటు చేశాం. సాక్సులు రాకముందు కొలిచి ఆర్డర్ పెట్టాం. 3 మిల్లీమీటర్ల సాక్సు తొడిగాక రెండు జతలు కాలికి పట్టలేదు. అదృష్టం కొద్దీ నీళ్లు తగలలేదు కాబట్టి మార్చుకున్నాం. వరుస గుర్తుపెట్టుకోండి: ముందు సాక్సులు, తర్వాత ఫిన్స్. ముందు టోపీ, తర్వాత మాస్కు పట్టీ.

మాస్కులు 225, పవర్ అద్దాలు 140, గొట్టాలు 110, ఫిన్స్ 240, షాంపూ, గ్రీజు కలిపి 9. ఇప్పటిదాకా: 1,908 డాలర్లు.

దశ 4: బావగారి ఊపిరి (మే చివర నుంచి జూన్ దాకా)

ఈ దశ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ట్రిప్ ఆగిపోయేదాకా వచ్చింది ఇక్కడే.

నేను, అక్క చిన్నప్పుడు భీమవరంలో కాలువలో ఈత నేర్చుకున్నవాళ్లం. బావగారు 54వ ఏట, గత చలికాలంలో నేర్చుకున్నారు. పట్టుదల మనిషి, మార్చికల్లా డాలస్‌లో వాళ్ల కాలనీ పూల్‌లో ఆగకుండా 400 మీటర్లు ఈదేవారు. బీపీ మాత్రలు వేసుకుంటారు కాబట్టి చన్నీళ్ల సంగతి చెప్పి డాక్టరు దగ్గర చూపించుకునే వచ్చారు. ఆ పూల్‌లో నీళ్లు 29 డిగ్రీలు.

మే 25న మా లేక్‌లో 16.2. సూటు, టోపీ అన్నీ ఉన్నాయి. ఛాతీ లోతులో ముఖం నీళ్లలో పెట్టారు. 40 సెకన్లకు గొట్టం ఉమ్మేసి నిలబడ్డారు. ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఊపిరి లోపలికి పోతూనే ఉంది బావా, బయటికే రావట్లేదు."

రెండోసారి 30 సెకన్లు. మూడోసారి ప్రయత్నించలేదు. ఆ రాత్రి అన్నం తింటూ "మీరు వెళ్లి రండి, నేను ఒడ్డున ఉంటా" అన్నారు. అక్క ఏమీ మాట్లాడలేదు.

జరిగిందేమిటంటే చన్నీళ్లు తగిలిన మొదటి నిమిషం నుంచి రెండు మూడు నిమిషాల దాకా మన ప్రమేయం లేకుండానే ఎగశ్వాస వస్తుంది. ఈత ఎంత వచ్చినా వస్తుంది. నాకూ వచ్చింది, కానీ కాలువలో చలికాలం మునకలు వేసిన ఒళ్లు కాబట్టి అది తగ్గిపోతుందని తెలుసు. ఆయనకు తెలియదు, గొట్టంలోంచి పీల్చుతుంటే ఉక్కిరిబిక్కిరి అయిపోతున్నాననుకున్నారు. ఈత నేర్పిద్దామని నాలుగు నెలలు పెట్టాం, చలి నేర్పిద్దామని ఒక్క రోజూ పెట్టలేదు.

మర్నాటి నుంచి మార్చిన పద్ధతి:
1. మాస్కు, గొట్టం, ఫిన్స్ ఏమీ లేకుండా నడుము లోతులో నిలబడాలి. సూటు మెడ దగ్గర లాగి కావాలనే కాసిని నీళ్లు లోపలికి వదలాలి. ముందే అవి వెచ్చబడతాయి.
2. ముఖం, మెడ మీద దోసిళ్లతో నీళ్లు చల్లుకుంటూ వాచీ చూసుకుని 3 నిమిషాలు. ఊదడం నెమ్మదిగా, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు. పీల్చడం గురించి ఆలోచించక్కర్లేదు, అది దానంతట అదే జరుగుతుంది.
3. ఊపిరి మామూలయ్యాక మాస్కు, గొట్టం. నిలబడే ముఖం ముంచాలి, చెయ్యి ఎవరైనా పట్టుకోవాలి.
4. 2 నిమిషాలు అలా ఉండగలిగితేనే ఫిన్స్.
5. నోటితో ఊదుకునే తేలే జాకెట్టు ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి.

తేలే జాకెట్లు రెండు కొన్నాం, 60. అది బావగారికి కడుతూ అక్క, "మనకి నాన్న సొరకాయ బుర్రలు కట్టి కాలువలోకి దింపినట్టే ఉందిరా," అంది. బుర్రలు కట్టుకున్న మొదటిరోజు నేను గట్టు వదల్లేదని కూడా బావగారికి చెప్పింది.

మే 26 ఉదయం: 6 నిమిషాలు. సాయంత్రం: 13. తర్వాత ఆయన డాలస్ వెళ్లిపోయారు, అక్కడ తొట్టెలో ఐసు వేసుకుని 18 డిగ్రీలకు తెచ్చి రోజూ ముఖం ముంచి ఊదడం సాధన చేశారట. జూన్ 22న మళ్లీ వచ్చారు. లేక్ 19.4 డిగ్రీలు. 31 నిమిషాలు, ఒక్కసారీ నిలబడలేదు.

ఇప్పటిదాకా: 1,968 డాలర్లు.

దశ 5: దీవులు, పడవలు (జూన్)

మొదటి ప్లానులో నాలుగు దీవులు: సాన్ క్రిస్టొబాల్, ఫ్లోరియానా, సాంటా క్రూజ్, ఇసబెలా. ఎనిమిది రాత్రులు. ఎక్సెల్‌లో గంటలు వేసి చూస్తే పగటి వేళలో మూడో వంతు పడవల్లో, రేవుల్లో, సంచుల తనిఖీల్లో పోతోంది. దీవుల మధ్య తిరిగే పడవను అక్కడ లాంచా అంటారు, మన గోదావరి లాంచీని ఊహించుకోకండి. ఇది ఇరవై ముప్పై మందిని ఎక్కించుకుని అలల మీద ఎగిరెగిరి పడుతూ రెండు గంటలు పోయే స్పీడు బోటు. పైగా అవన్నీ సాంటా క్రూజ్ మీదుగానే, అంటే సాన్ క్రిస్టొబాల్ నుంచి ఇసబెలాకు రెండు పడవలు. జూలైలో సముద్రంలో అలలు ఎక్కువ. ఒకే రోజు రెండూ ఎక్కితే మర్నాడు నీళ్లలోకి దిగే ఓపిక ఉండదు.

ఫ్లోరియానా తీసేశాం, రాత్రులు పెంచాం. చివరికి మిగిలింది:

1. జూలై 12: గ్వయాకిల్ నుంచి విమానంలో సాన్ క్రిస్టొబాల్. 4 రాత్రులు.
2. జూలై 16: లాంచా, సాంటా క్రూజ్. 1 రాత్రి.
3. జూలై 17: లాంచా, ఇసబెలా. 4 రాత్రులు, అందులో ఒక రోజు పూర్తిగా ఖాళీ.
4. జూలై 21: లాంచా, సాంటా క్రూజ్. 1 రాత్రి. 22న బాల్ట్రా నుంచి విమానం.

ఆ ఖాళీ రోజు గురించి ఇంట్లో గొడవైంది. అంత దూరం వెళ్లి ఊరికే కూర్చోవడమేంటని మా ఆవిడ వాదన. అలలు పెరిగితే టూర్లు రద్దవుతాయి, అప్పుడు ఆ రోజు ఉంటేనే దిక్కని నా వాదన. ఉంచాం.

నేషనల్ పార్క్ ప్రవేశ రుసుము విదేశీయులకు 2024 ఆగస్టు 1 నుంచి 200 అయింది, అంతకుముందు 100. పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం, మా పాపకు 13 కాబట్టి పూర్తి టికెట్టే. విమానం ఎక్కేముందు తీసుకునే ట్రాన్సిట్ కార్డు మనిషికి 20.

పార్క్ రుసుము 1,000, కార్డులు 100, మూడు లాంచాలు 525, ఇసబెలా రేవు రుసుము 50. ఇప్పటిదాకా: 3,643 డాలర్లు.

సామాను తనిఖీ గట్టిగా ఉంటుంది. గింజలు, పచ్చి ఆకులు, పళ్లు తీసుకెళ్లనివ్వరు. బయటి మొక్కలు, పురుగులు అక్కడి జీవులకు ప్రాణాంతకం కాబట్టి ఉండాల్సిందే. ప్రయాణాల్లో అక్క సంచిలో ఎప్పుడూ ఉండే కరివేపాకు, మెంతులు ఇంట్లోనే తీసి పెట్టేశాం. సూట్ల మడతల్లో లేక్ ఇసుక ఉంటే అదీ ముందే దులిపేయండి.

దశ 6: నీళ్లలో (జూలై 12–21)

జూలై 13, లా లోబెరియా, సాన్ క్రిస్టొబాల్. 21.3 డిగ్రీలు. అందరూ 30 నిమిషాలు పైన ఉన్నారు, బావగారు 22. ఇక్కడ ఇబ్బంది చలి కాదు, సీ లయన్ పిల్లలు. జంతువులకు 2 మీటర్ల దూరంలో ఉండాలన్నది పార్క్ నియమం, కానీ ఆ సంగతి పిల్లలకు తెలియదు, మాస్కు దగ్గరికే వచ్చి బుడగలు వదిలి తలకిందులవుతాయి. చేతులు ఛాతీకి కట్టుకుని కదలకుండా తేలితే అవే పోతాయి. పెద్ద మగది ఒడ్డు వెంట అరుస్తూ తిరుగుతుంటే మాత్రం వెంటనే దూరంగా జరిగిపోవాలి, అది దాని హద్దు.

జూలై 14, లియోన్ దొర్మీదో. సముద్రం మధ్యలో నిలువునా చీలిన రాయి, కింద లోతు ఎక్కువ, ప్రవాహం లాగుతుంది. బావగారు వద్దనుకున్నారు, మంచి నిర్ణయం. నలుగురికి 720. నీళ్లు 20.1. మొదటిసారి 38 నిమిషాలు, రెండోసారి 25. కింద నీలంలో సొరచేపలు, చుక్కల రే చేపలు (పలచగా, వెడల్పు రెక్కలతో ఉండేవి) నెమ్మదిగా పోతుంటే మాకు చలి గుర్తు రాలేదు.

గుర్తొచ్చింది పడవ ఎక్కాక. మబ్బు, ఎదురుగాలి, ఒంటి మీద తడి సూటు. పాప పెదాలు నల్లబడ్డాయి, పళ్లు టకటకా కొట్టుకుంటూ 40 నిమిషాలు వణికింది. మా ఆవిడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సియాటెల్‌లో రోజూ వాడే వానకోట్లు ఐదూ హోటల్ గదిలో పెద్ద సూట్‌కేసులో ఉన్నాయి. నీళ్లను కొలిచాను, గాలిని కొలవలేదు. తడి సూటు మీద గాలి తగిలితే లోపల పట్టి ఉంచిన వేడంతా అదే లాక్కుపోతుంది.

ఆ సాయంత్రం నుంచి:
1. చేతిసంచిలో మనిషికో వానకోటు. నీళ్లలోంచి రాగానే సూటు మీదే వేసుకోవాలి.
2. తడి నియోప్రీన్ టోపీ తీసేసి పొడి ఉన్ని టోపీ.
3. ఫ్లాస్కులో వేడి టీ.
4. తిరుగు ప్రయాణం అరగంట దాటితే సూటు విప్పేసి పొడి బట్టలు.
5. రెండోసారి దిగడం 20 నిమిషాలే, ఎంత బాగున్నా.

జూలై 15: సూట్లు ఆరలేదు. ఈ కాలంలో ఆకాశం మూసుకునే ఉంటుంది, గారువా అనే సన్నటి జల్లు. తడి సూటు పొద్దున్నే తొడుక్కోవడం నీళ్లలో దిగడం కన్నా కష్టం. లోపలి వైపు పైకి తిప్పి, ఎండ కోసం చూడకుండా గాలి పారే వరండాలో వేస్తే మర్నాటికి కొంత నయం.

జూలై 18, ఇసబెలా. లోస్ తునెలెస్ టూర్ అలల వల్ల రద్దు. 19కి మార్చారు, ఖాళీ రోజు అలా పనికొచ్చింది. ఆ 18న ఊరి రేవు పక్కనే ఉన్న కొంచా దె పెర్లాకు నడిచి వెళ్లాం. మడ చెట్ల మధ్య చెక్క వంతెన, దాని మీద సీ లయన్లు అడ్డంగా నిద్రపోతుంటాయి, అవి లేచేదాకా ఆగాలి. నీళ్లు 18.6, మొత్తం ట్రిప్‌లో ఇదే తక్కువ. బావగారు పొద్దున 9 నిమిషాలు, మధ్యాహ్నం 21.

జూలై 19, లోస్ తునెలెస్. ఐదుగురికి 700. 19.2 డిగ్రీలు. లావా సొరంగాల మధ్య నీళ్లు నిలకడగా ఉంటాయి కాబట్టి బావగారూ దిగారు. గైడు చూపిస్తే తప్ప కనబడని సముద్రపు గుర్రం, వేరుకు తోక చుట్టుకుని. రాతి అరల కింద తెల్లకొనల సొరచేపలు వరసగా పడుకుని. తిరుగు ప్రయాణంలో ఎవరూ వణకలేదు. వానకోట్లు, టీ.

జూలై 20, మళ్లీ కొంచా దె పెర్లా. 18.8 డిగ్రీలు. బావగారు, నేను ఇద్దరమే. మూడు నిమిషాలు నిలబడి నెమ్మదిగా ఊది దిగారు. రాయి పక్కన ఒక సముద్రపు ఇగువానా నీళ్లలోనే మేస్తోంది. అల వచ్చినప్పుడు ఒళ్లంతా జెండాలా ఊగుతోంది, గోళ్లు మాత్రం రాతి సందుల్లోంచి కదలడం లేదు. అల తగ్గగానే మొండి ముక్కు పక్కకు తిప్పి నాచు కొరుకుతుంది, దవడ అంచుల నుంచి ఆకుపచ్చ ముక్కలు రాలి తేలుతున్నాయి. మళ్లీ అల. మేం రెండు మీటర్లు దూరంగా, ఒకరి జాకెట్టు ఒకరం పట్టుకుని అదే చూస్తూ ఉండిపోయాం. అది రాయెక్కి, ముక్కులోంచి ఉప్పునీళ్లు చిమ్మేదాకా ఆయన తల పైకెత్తలేదు. వాచీ చూస్తే 47 నిమిషాలు.

ఇప్పటిదాకా: 5,063 డాలర్లు.

దశ 7: ఇంటికొచ్చాక (జూలై చివర)

సూట్లన్నీ మంచినీళ్లలో రెండుసార్లు ముంచి, మడతపెట్టకుండా వెడల్పు హ్యాంగర్ల మీద నీడలో వేశాం. బావగారి సూటు మోకాలి దగ్గర లావా రాయి గీసుకుని 3 సెంటీమీటర్లు చిరిగింది. నియోప్రీన్ జిగురు 8 డాలర్లు. రెండు వైపులా రాసి 10 నిమిషాలు ఆరనిచ్చి అతికించాలి, తడిగా ఉండగా నొక్కితే పట్టదు. మొదటి ప్రయత్నం ఊడిపోయింది, రెండోది నిలిచింది.

మొత్తం: 5,071 డాలర్లు. అందులో దండగ అయింది పొట్టి సూట్ల 130.

నిన్న అక్క ఫోన్ చేసింది. థర్మామీటరు పంపమని బావగారు అడుగుతున్నారట, వాళ్ల ఊరి దగ్గర చెరువు నవంబర్‌లో ఎంత ఉంటుందో చూడాలట. పొద్దున పోస్టులో వేశాను.